తిరువాలంగాడులో దిగని రోజు

భౌతికశాస్త్రం చదివిన మీరు వానల వైపు ఎందుకు వచ్చారని అడగని విలేఖరి ఇప్పటిదాకా నాకు తగల్లేదు. దానికి నా దగ్గర ఒక జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. మద్రాసులో స్ఫటికాల మీద పరిశోధన చేస్తున్న రోజుల్లో ఒక సాయంత్రం గ్రంథాలయంలో ఋతుపవనాల మీద వ్యాసం ఒకటి కనబడిందనీ, నిలబడి చదవడం మొదలుపెట్టి కూర్చోవడం మరిచిపోయాననీ చెబుతాను. వినేవాళ్ళకు నచ్చుతుంది, రాసుకునేవాళ్ళకు పని తేలికవుతుంది. అబద్ధమేమీ కాదు, వ్యాసం నిజంగానే కనబడింది. కానీ నాకంటే ముందు దాన్ని ఇంకా ఎంతోమంది చదివే ఉంటారు, వాళ్ళెవరూ చేతిలో పని వదిలేసి మబ్బుల వెంట పడలేదు. నేను పడడానికి అసలు కారణం వేరే ఉంది. అది తెలిసిన మనిషి నేను కాక లోకంలో ఇంకొక్కతే మిగిలి ఉండేది. పోయిన నెల ఆమె కూడా పోయింది.

ఆమె పేరు రాజమ్మ. మా వీధికంతటికీ రాజమ్మక్క. తిరుత్తణిలో బస్సెక్కితే ముప్పావుగంటకు వచ్చే నేతగాళ్ళ ఊరు మాది. కబురు ఆలస్యంగా అందింది, నేను వెళ్ళేసరికి పదకొండో రోజు. వీధి మొదట్లో కరెంటు స్తంభానికి ఆమె ఫొటోతో పోస్టరు అంటించి ఉంది, అంతా తమిళంలో. బతుకంతా తెలుగులో మాట్లాడి, తెలుగులోనే అలిగి, ఏ భాషలోనూ ఒక్క అక్షరం చదవని మనిషికి ఎవరో తమిళ కవిత్వం రాసిపెట్టారు. ఫ్యాక్టరీలో పనిచేసే ఆమె మనవడు నాకు కుర్చీ వేసి, "టీవీలో వాన గురించి మాట్లాడేది మీరే కదా మేడమ్. మీరొస్తే అవ్వ సౌండు పెంచమంటా ఉండె" అన్నాడు. వీధంతా సిమెంటు రోడ్డు, రెండు పక్కలా మోటారుసైకిళ్ళు. ఒకటి రెండు ఇళ్ళలో పవర్లూములు దడదడలాడుతున్నాయి. మిగతా ఇళ్ళలో మగ్గపు గుంటలు పూడ్చి టైల్సు పరిచారు. పడుగు సాచడానికి ఆ వీధిలో ఇప్పుడు చోటూ లేదు, సాచేవాళ్ళూ లేరు.

మగ్గానికి ఎక్కించే నిలువుపోగుల వరుసను పుస్తకాల తెలుగులో పడుగు అంటారు. మావాళ్ళు తమిళాన్ని పట్టుకుని పావు అనేవాళ్ళు. నా చిన్నప్పుడు పడుగు వేసే పొద్దు ఆ వీధిలోకి ఎద్దులబండి కూడా వచ్చేది కాదు. వేల పోగులున్న ఆ పొడవాటి వరుసను వీధి ఈ కొస నుంచి ఆ కొసకు సాచి, వెదురుగడల మీద నిలబెట్టి, గంజి పట్టించి, పెద్ద పెద్ద కుంచెలతో మనుషులు ఇద్దరేసి దువ్వుకుంటూ పోయేవాళ్ళు. ఏ పోగుకా పోగు విడిగా ఆరాలి. ఎండ ముదిరితే నూలు పెళుసెక్కుతుంది, అందుకని తెల్లవారకముందే మొదలుపెట్టాలి. ఆరేలోపల వాన తగిలిందా, అంతే సంగతులు. గంజి కారిపోయి పోగులన్నీ అంటుకుపోతాయి, విడదీస్తుంటే వందల్లో తెగుతాయి. ఒక ఇంటి పడుగు ఆ ఇంటివాళ్ళతో అయ్యే పని కాదు కాబట్టి ప్రతి గడప నుంచీ ఒక మనిషి రావాలి, రేపు వాళ్ళ వంతుకు మనం పోవాలి. గంజిపొయ్యి వీధికి తూర్పు కొసన ఉండేది. పులిసిన బియ్యపుగంజి, దాంట్లో కలిపే నూనె, తడిసిన నూలు, ఈ మూడూ కలిసిన వాసన మా బట్టల్లో, జుట్టులో, చివరికి తినే అన్నంలో కూడా ఉండేది. బడిలో పక్కపిల్ల ముక్కు మూసుకుంటే నాకు ఏడుపొచ్చేది. ఈ మధ్య ఆ వాసన కోసం మా ఇంట్లో గంజి కాచి, పులియబెట్టి చూశాను. రాలేదు.

ఈ పొద్దు పడుగు సాచవచ్చో లేదో చెప్పేది మా పెదనాయన మునిసామి. మా నాయన నాకు మూడేళ్ళప్పుడే పోతే, భార్యా పిల్లలూ లేని ఈ అన్నే అమ్మనూ నన్నూ తన ఇంట్లో పెట్టుకుని సాకాడు. కండ్లలో పొర కమ్మి మగ్గం దిగిపోయాక ఆయనకు మిగిలిన పని అదొక్కటే. అందరికంటే ముందు లేచి, వేపపుల్ల నములుతూ వంటింట్లోకి పోయి ఉప్పుజాడీలో వేళ్ళు పెట్టి నలిపి చూసేవాడు. "ఎంగిలి చేత్తో ఉప్పు ముట్టుకోవద్దు బావా" అని అమ్మ రోజూ అనేది, ఆయన రోజూ ముట్టుకునేవాడు. ఆ తర్వాత ఒక నూలుపోగు చెవి దగ్గర పెట్టుకుని పుటుక్కున తెంపి ఆ చప్పుడు వినేవాడు. వీధిలో నిలబడి నాలుగు దిక్కులకూ మొహం తిప్పేవాడు. చివరికి "పొండి, ఎయ్యండి" అనేవాడు, కాకపోతే "ఈ పొద్దు వద్దు" అనేవాడు. వాన పడుతుందని గానీ పడదని గానీ ఆయన నోట నేనెన్నడూ వినలేదు. ఎందుకు చెప్పవని ఒకసారి అడిగితే, "వాన సంగతి నాకేం తెలుసమ్మా. పావు సంగతి అడిగినారు, అది చెప్పినా" అన్నాడు.

ఆ వీధిలో ఒక కట్టుబాటు ఉండేది. ఆకాశం చూసి మాట ఇచ్చిన మనిషి, ఆ మాట తప్పి పడుగు తడిసిపోతే, దాని ముందు కూర్చుని తెగిన పోగులు అతకాలి. వేళ్ళకు కాస్త బూడిద అద్దుకుని, తెగిన రెండు కొసలూ కలిపి మెలితిప్పుతూ, మొదటి పోగు నుంచి కడపోగు దాకా. మిగతావాళ్ళు సాయం కూర్చోవచ్చు, కానీ మాట ఇచ్చిన మనిషి లేవకూడదు. పెదనాయన అలా కూర్చోవడం నేను రెండుసార్లు చూశాను. పొద్దున చెప్పిన మాట తప్పిందని తల దించుకోవడం ఉండేది కాదు. అన్నానికి లేచినట్లు లేచి, కాళ్ళు కడుక్కుని, వెళ్ళి కూర్చునేవాడు. పడుగు గలవాళ్ళు మజ్జిగ తెచ్చిస్తే తాగేవాడు. వీధి ఆయన మాటను నమ్మింది అది ఎప్పుడూ నిజమైనందుకు కాదని, తప్పినప్పుడు ఆయన అక్కడే ఉంటాడని తెలిసినందుకని, నాకు అర్థం కావడానికి సగం జీవితం పట్టింది.

నన్ను పైచదువుకు పంపాలని పట్టుబట్టింది కూడా ఆయనే. తిరువళ్ళూరులో అమ్మ తమ్ముడు, మా మామ, కాపురం ఉండేవాడు. వాళ్ళింట్లో ఉండి రోజూ రైల్లో మద్రాసు వెళ్ళి కాలేజీలో ఫిజిక్స్ చదివాను. మామ నీలం రంగు యూనిఫారం వేసుకుని అంబత్తూరు ఫ్యాక్టరీకి నాతోపాటే రైలెక్కేవాడు. అత్త తెల్లవారకముందే ఇద్దరికీ చింతపండు పులిహోర కట్టేది. ఆడవాళ్ళ పెట్టెలో మల్లెపూల బుట్టలూ, కీరై ఆకుకూర కట్టలూ, వాటి మధ్య నా పుస్తకాలూ. ఇంట్లో తెలుగు, రైల్లో తమిళం, క్లాసులో ఇంగ్లీషు. మూడు భాషల్లోనూ గాలిలో తేమ ఉంటుందని తెలుసు కానీ దాన్ని కొలవవచ్చని తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ల్యాబులో సామాను చూసుకునే పెద్దాయన, పాతవి పారేసేవాటిలోంచి రెండు థర్మామీటర్లు తీసి ఇచ్చాడు. ఒకదాని బల్బుకు తడిగుడ్డ చుట్టాలి. గాలి పొడిగా ఉంటే తడి తొందరగా ఆరి ఆ గొట్టంలో వేడి బాగా దిగుతుంది, తేమగా ఉంటే దిగదు. రెండింటికీ తేడా చూసి తేమ ఎంతో చెప్పేయవచ్చు. ఉప్పుజాడీ చేసే పనే, కాకపోతే అంకెల్లో.

సెలవులకు వాటిని ఇంటికి తెచ్చి దూలానికి వేలాడదీశాను. పెదనాయన సంబరం చూడాలి. వచ్చిన ప్రతివాడినీ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి, "మా పాప గాలిని గొట్టంలో పెట్టి కొలస్తాదబ్బా, చూడండి" అని చూపించేవాడు. పొద్దున్నే ఆయన పోగు తెంపేవాడు, నేను అంకెలు చూసేదాన్ని, ఇద్దరం ఒకేసారి మాట చెప్పేవాళ్ళం. ఆటగా మొదలైంది. ఆయన వద్దన్న పొద్దు నేను వెయ్యవచ్చన్నాను, ఎండ కాసింది. ఆయన వెయ్యమన్న పొద్దు నేను వద్దన్నాను, చినుకు పడింది. ఇలా నాలుగైదుసార్లయ్యాక వీధి నెమ్మదిగా నా వైపు తిరిగింది. గాజుగొట్టం అబద్ధం చెప్పదని వాళ్ళ నమ్మకం, కాదనడానికి నాకు నోరు రాలేదు. నిజం చెప్పాలంటే చాలా బాగుండింది. పందొమ్మిదేళ్ళ ఆడపిల్ల మాటకు కుంచెలు పట్టిన మగవాళ్ళు ఎదురుచూడడం ఆ వీధిలో అంతకుముందు ఎవరూ ఎరగరు. ఒకరోజు పొద్దున ఒకాయన వచ్చి, తిన్నె మీద కూర్చున్న పెదనాయనను దాటుకుని, "పాప లేచిందా?" అని లోపలికి తొంగిచూశాడు. పెదనాయన దారి ఇవ్వడానికి కాళ్ళు ముడుచుకుని కాస్త పక్కకు జరిగాడు. అది నేను చూశాను. చూసీ థర్మామీటరు దగ్గరికి పోయాను.

రాజమ్మక్క పడుగు దీపావళి వెళ్ళిన మూడోరోజు. ఆమె మొగుడు ఆ ఏడు వేసవిలోనే దగ్గుతో పోయాడు. ఇద్దరు బిడ్డలు. మగ్గం మీద మగవాడు లేని ఇంటికి నూలిస్తే గుడ్డ వస్తుందా రాదా అని నూలిచ్చే యజమాని సందేహం. అందరూ బతిమాలితే ఒక్క పడుగుకు ఇచ్చాడు. ఇది సరిగ్గా నేస్తే మళ్ళీ ఇస్తాను, లేకపోతే లేదన్నాడు. ఆ సంగతి వీధికంతా తెలుసు, నాకూ తెలుసు. అది వానల నెల, ఆకాశం మాట అన్నిటికంటే బరువుగా ఉండే నెల. చీకటి విడిచే వేళకు రాజమ్మక్క తడి జుట్టు ముడేసుకుని మా గడప ముందు నిలబడింది. నేను రెండు గొట్టాలూ చూశాను. తేడా బాగానే ఉంది. గాలి పొడిగానే ఉంది.

పెదనాయన తిన్నె మీద నుంచే, "ఈ పొద్దు నాకెందుకో మనసు ఒప్పలేదు పాపా" అన్నాడు.

"ఎందుకు పెదనాయనా?"

"గంజి వాసన ఈడికి వస్తా ఉండాది."

"గంజి కాస్తా ఉంటే వాసన రాదా? వాసనతో వాన చెప్తావా నువ్వు?" అని నవ్వాను. రాజమ్మక్క ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "ఏం పాపా, ఎయ్యమంటావా?" అంది. "ఎయ్యక్కా, పరవాలేదు" అన్నాను. ఆ పొద్దు వాసన ఎందుకు వచ్చిందో ఆయన చెప్పలేదు, నేను అడగనూ లేదు. గంజిపొయ్యి తూర్పున ఉంది, మా ఇల్లు పడమటి కొసన. మామూలుగా పొద్దున పూట మా వీధిలో గాలి పడమటి కొండల నుంచి దిగుతుంది కాబట్టి ఆ వాసన మా తిన్నె దాకా రాదు. వచ్చిందంటే గాలి తిరిగిందని, సముద్రం వైపు నుంచి ఏదో బయలుదేరిందని అర్థం. కండ్లు కనపడని మనిషి ముక్కుతో గాలి దిక్కు పట్టుకున్నాడు. నా గొట్టాలు మా వసారాలో గాలిని మాత్రమే కొలిచాయి, అది నిజంగానే పొడిగా ఉంది. ఇదంతా నేను చాలా ఏళ్ళ తర్వాత, పెద్ద పెద్ద మ్యాపులు ముందేసుకుని నేర్చుకున్నాను.

ఆ రోజే నేను తిరువళ్ళూరు తిరిగి పోవాలి. పరీక్ష ఉందని ఇంట్లో చెప్పాను. పరీక్ష కాదు, రికార్డు పుస్తకం ఇవ్వాలి. రికార్డంటే ఏమిటో విడమరిచి చెప్పే ఓపిక లేక పరీక్ష అన్నాను. వీధిలో కుంచెలు మొదలైనప్పుడు సంచీ భుజాన వేసుకుని పడుగు పక్క నుంచే నడిచి వెళ్ళాను. తెల్లటి పోగులు, వాటి మీద గంజి మెరుపు. రాజమ్మక్క తల ఎత్తి "బాగా రాయి పాపా" అంది. తిరుత్తణిలో పాసింజరు దొరికింది. అరక్కోణం దాటాక చల్లటి గాలి కిటికీలోంచి కొట్టింది. తిరువాలంగాడు స్టేషనులో రైలు ఆగేసరికి తూర్పు వైపు ఆకాశం నల్లగా, నేల దాకా దిగి ఉంది. ప్లాట్‌ఫారం మీద పెద్ద పెద్ద చినుకులు మొదలయ్యాయి. ఆ వాన నా వెనక్కు, నేను వచ్చిన దారినే పోతోంది.

అవతలి పట్టాల మీద తిరుత్తణి వైపు పోయే రైలు ఆగి ఉంది. రెండు రైళ్ళూ ఎంతసేపు అలా పక్కపక్కన నిలబడ్డాయో చెప్పలేను, మూడు నాలుగు నిమిషాలుంటుందేమో. ఆ కాసేపట్లో నేను లెక్క వేశాను. మబ్బు ఎంత వేగంగా పోతోంది, ఊరు ఎంత దూరం, ఆ రైలు తిరుత్తణి ఎప్పటికి చేరుతుంది, బస్సు వెంటనే దొరికితే ఎంత, దొరకకపోతే ఎంత. అరగంట ముందు తెలిస్తే చాలు, వీధివాళ్ళంతా చేరి తడి పడుగునైనా చుట్టి ఇళ్ళలోకి చేర్చగలరు. బస్సు దొరికితే అందుకోగలనని లెక్క తేలింది. అందుకోలేనని తేలి ఉంటే ఇన్నేళ్ళు ఇది మోయనక్కర్లేదు. లేచి నిలబడ్డాను కూడా. కానీ దిగి, తడిసి, పరుగెత్తుకుంటూ వీధిలోకి పోయి, అందరి ముందూ నేను చెప్పింది తప్పని ఎలా అనాలో నాకు తెలియలేదు. పొద్దున నవ్విన నవ్వు గుర్తొచ్చి మొహం కాలిపోయింది. సిగ్గు, ఇంకేమీ కాదు. మళ్ళీ కూర్చున్నాను. ఎదుటి రైలు ముందు కదిలింది. నేను రికార్డు పుస్తకం తడవకుండా చీరకొంగు కప్పాను.

సంక్రాంతి ముందు వచ్చే మార్గళి నెలలో మళ్ళీ ఇంటికి వెళ్ళేదాకా ఎవరూ నాకేమీ రాయలేదు. అమ్మకు రాయడం రాదు, పక్కింటి పిల్ల చేత తమిళంలో రాయించిన కార్డులో అంతా క్షేమమని ఉంది. నేనూ వాన గురించి అడగలేదు. ఇంటికి వెళ్ళిన రోజు పెదనాయన పేరు పెట్టి పిలిచి, తల నిమిరి, "పరీక్ష బాగా రాసినావా అమ్మా?" అన్నాడు. రాశానన్నాను. ఆ మధ్యాహ్నం నూలు కండెలు చుడుతూ అమ్మ జరిగింది చెప్పింది. గాలి మారినప్పుడు పెదనాయన తిన్నె దిగి కర్ర తాటించుకుంటూ వీధి మధ్యకు వచ్చాడట. "చుట్టేయండయ్యా, చుట్టేయండి" అన్నాడట. "పాప ఎయ్యమనింది కదా మామా" అన్నారట వాళ్ళు. రెండోసారి కూడా అన్నాడట. ఆ తర్వాత చెప్పడానికి వ్యవధి లేకపోయింది.

"అప్పురం? తర్వాత ఏం చేసినారు?" అన్నాను.

"ఏం చేస్తారు. మాటిచ్చింది నువ్వు, నువ్వు పరీక్షకు పోయినావు. నీ బదులు ఆయప్ప కూచున్నాడు. మూడు దినాలు. కండ్లు కనపడక యేళ్ళతో తడువుకుంటా అతికినాడు. ఎవురూ నిన్ను ఒక మాట అన్లేదు లే. కడపోగు అతికేదాకా మాటిచ్చినోళ్ళను ఏమీ అనగూడదు కదా" అంది అమ్మ, కండె మీద నుంచి చూపు తిప్పకుండా. అతికిన తర్వాత అనవచ్చు కదా, మరి అప్పుడెందుకు అనలేదని నాకు తట్టలేదు. తప్పించుకున్నానని ఊపిరి పీల్చుకున్నాను. ఆ ఊపిరి గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది. దూలానికి ఉన్న థర్మామీటర్లు ఎవరూ ముట్టుకోలేదు, దుమ్ము పట్టి ఉన్నాయి. పెదనాయన పొద్దున్నే లేవడం మానేశాడు. వీధివాళ్ళు రేడియోలో తమిళ వార్తలు విని పడుగు వేసుకోవడం మొదలుపెట్టారు. మరుసటి వేసవిలో ఆయన రెండు రోజుల జ్వరంతో పోయాడు. పాడె మోసేవాళ్ళు వీధి మధ్య నుంచి నడుస్తుంటే నేను రాజమ్మక్క పక్కనే నిలబడి ఏడ్చాను, ఆమె నా భుజం పట్టుకుంది. అప్పటికే ఆమెకు మగ్గం లేదు. అతుకుల పడుగుతో నేసిన గుడ్డ మరకలుగా వచ్చిందని యజమాని మళ్ళీ నూలివ్వలేదు. తిరుత్తణి కొండ కింద సత్రంలో యాత్రికుల అంట్లు తోమడానికి రోజూ బస్సులో పోయి వచ్చేది.

స్ఫటికాలను వదిలి నేను వానల వైపు వచ్చింది ఆ తర్వాత కొన్నేళ్ళకు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని నాకు తెలుసు. మా ప్రొఫెసరుకు కోపం వచ్చింది, ఇంత మంచి ప్రయోగాన్ని మధ్యలో వదిలేసి గాలిలో మేడలు కడతావా అన్నాడు. చదివింది చాలక తెలుగులోనూ తమిళంలోనూ జనానికి చెప్పడం మొదలుపెట్టాను. రేడియోలో మొదటి ప్రసంగం ఇచ్చిన రోజుల్లో, మనసులో ధైర్యం కూడగట్టుకుని తిరుత్తణి వెళ్ళాను. సత్రం వెనక తొట్టి దగ్గర రాజమ్మక్క అండాలు తోముతోంది. చేతులు మోచేతుల దాకా బూడిద. పక్కన రాయి మీద కూర్చుని, ముందువెనకలు లేకుండా చెప్పేశాను. తిరువాలంగాడులో వాన చూశాననీ, ఎదురుగా రైలు ఉండిందనీ, దిగితే అందుకునేదాన్ననీ, దిగలేదనీ.

ఆమె తోమడం ఆపలేదు. "తెలుసు పాపా" అంది.

"ఎట్లా తెలుసు?"

"మీ పెదనాయనే చెప్పినాడు. పోగులు అతుకుతా ఉన్నప్పుడు. వాన తూర్పు నుంచి వచ్చింది, పాప పోయిన రైలూ తూర్పుకే పోయింది, మనకంటే ముందు పాపకే తెలిసుంటాది అన్నాడు. చెప్పి, కొంచేపు చెయ్యి ఆపేసినాడు. అప్పురం మళ్ళా అతికినాడు." అండాను బోర్లించి నీళ్ళు పోసింది. "కడపోగు మాత్రం అతకలేదు. అంచు పక్కన ఒకటి అట్లే విడిచేసినాడు. కండ్లు కనపడక విడిచినాడేమో అని నేను అతకబోతే చెయ్యి పట్టుకున్నాడు. ఉండనీ రాజమ్మా, అది అతికేస్తే రేపు ఎవురైనా పాపను ఒక మాట అంటారు అన్నాడు. ఆ పోగు లేకుండానే నేసినా."

కడిగిన అండాను ఆమె చేతి నుంచి అందుకుని పక్కన పెట్టాను. తర్వాత అడగకూడనిది అడిగాను. "నీకు అనాలనిపించలేదా అక్కా, నన్ను?"

"ఎందుకనిపించదు. శానాసార్లు అనిపించింది. ఈడ చేతులు పగిలినప్పుడంతా అనిపించింది." నా మొహం చూడకుండానే అంది. "ఏం చేస్తా. పెద్ద మనిషి పోగు విడిచిపెట్టి పోయినాడు కదా."

ఆ తర్వాత మేం ఎన్నోసార్లు కలిశాం. నేను వస్తున్నానని తెలిస్తే చాలు, ఎవరి చేతో ఇంటికి కబురంపి నాకిష్టమైన ఉలవచారు కాచి పెట్టించేది. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. నేను మాత్రం వేదికలెక్కి మాట్లాడుతూనే వచ్చాను. ఈ ఏడు ఇలా ఉండవచ్చు, పదేళ్ళలో అలా కావచ్చు అంటాను. పేపరువాడు 'వచ్చు' కోసేసి అచ్చేస్తాడు. మేం చెప్పింది తప్పితే మరుసటి వారం ఇంకొకటి చెబుతాం. మా మాట నమ్మి నారు పోసినవాడి పొలం గట్టు మీదికి మాలో ఎవరమూ వెళ్ళి కూర్చోం. కూర్చోవాలని కూడా ఎవరూ అనుకోరు. ఇప్పటి పరికరాలతో పోలిస్తే పెదనాయన ఉప్పుజాడీ ఎక్కడ, కానీ ఆయన మాటకున్న బరువు నా మాటకు లేదు. ఎందుకు లేదో నాకు తెలుసు, ఏ సభలోనూ చెప్పను.

ఇంతకాలం ఆ విడిచిన పోగును పెదనాయన నా మీద పెట్టుకున్న ప్రేమగానే తలుచుకుంటూ వచ్చాను. తలుచుకున్నప్పుడల్లా ఏడ్చాను, ఆ ఏడుపులో కొంచెం సుఖం కూడా ఉండేది. పోయిన నెల పదకొండో రోజు భోజనాల దగ్గర రాజమ్మక్క ఫొటో ముందు కూర్చున్నప్పుడు మొదటిసారి ఇంకో సంగతి అర్థమైంది. నన్ను కాపాడడానికి ఆయన ఆమె నోరు కట్టేశాడు. పడుగు పోయింది ఆమెది, మగ్గం పోయింది ఆమెది, బిడ్డలను పక్కింట్లో వదిలి బస్సెక్కింది ఆమె. ఆ పెద్దమనిషి మీది గౌరవంతో, దక్కాల్సిన ఒక్క మాట కూడా దక్కించుకోకుండా పోయింది ఆమె. ఎంత మంచివాడైనా పెదనాయన చేసింది తప్పే. సత్రం వెనక తొట్టి దగ్గర నేను రెండు చేతులూ పట్టుకుని, తిట్టు అక్కా, నేను పడతాను అని ఉండాల్సింది. ఆ రోజు కూడా నాకు నోరు రాలేదు. ఆమె మనవడు విస్తరి ముందు వంగి, "ఇంకేమైనా కావాలా మేడమ్?" అని అడిగాడు. చాలు నాయనా అన్నాను. నన్ను తిట్టే హక్కున్న మనిషి ఇక లోకంలో ఎవరూ లేరు.